వీధికుక్కల్లో గోమారి జబ్బులు: ఏ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

గోమారి కుట్టడం వల్ల సోకే జబ్బు కుక్కకు ఉందా లేదా అన్నది ఒక్క పరీక్షతో తేలిపోతుందనే నమ్మకం హైదరాబాద్‌లో కుక్కలు పెంచుకునేవారిలోనూ, వీధికుక్కలకు అన్నం పెట్టేవారిలోనూ బలంగా ఉంది. రిపోర్టులో నెగెటివ్ అని ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. పాజిటివ్ అని ఉంటే అదే రోజు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఈ రెండింటిలో ఏదైనా పొరపాటు కావచ్చు. గోమారి మోసుకొచ్చే సూక్ష్మజీవి ఒకటి కాదు, అవి తలదాచుకునే చోటు ఒకటి కాదు, వాటిని వెతికే పరీక్షలు అడిగే ప్రశ్న కూడా ఒకటి కాదు. ఇంట్లో పెరిగే కుక్క విషయంలో ఈ గందరగోళాన్ని రెండు వారాల తర్వాత మళ్లీ రక్తం తీసి సరిదిద్దుకోవచ్చు. వీధికుక్కకు ఆ వీలు లేదు. దాని వయసు ఒక అంచనా మాత్రమే, జ్వరం ఎప్పుడు మొదలైందో చెప్పేవారుండరు, పట్టుబడిన రోజు తీసిన రక్తమే చాలాసార్లు మొదటిదీ చివరిదీ అవుతుంది. ఆ కాస్త రక్తంతో ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో ముందుగా తేల్చుకోకపోతే ఎంత ఖరీదైన పరీక్ష చేయించినా వచ్చేది అయోమయమే.

రక్తంలో ఉండేవి ఏవి

మన వీధుల్లో కుక్కలను పట్టి పీడించేది ప్రధానంగా గోధుమరంగు కుక్కగోమారి. కోస్తా జిల్లాల్లో దీన్ని పిడుదు అని కూడా అంటారు. శాస్త్రీయ నామం రైపిసెఫాలస్ సాంగ్వీనియస్. రక్తం తాగి ఉబ్బిన ఆడగోమారి ఆముదపు గింజలా బూడిదరంగులో నున్నగా కనిపిస్తుంది. కుక్క చెవుల లోపల, మెడ మీద, కాలివేళ్ల మధ్య ఇది తేలికగా దొరుకుతుంది గానీ, దాని జీవితంలో ఎక్కువ భాగం గడిచేది కుక్క ఒంటి మీద కాదు. పిల్ల, చిరుగోమారి, పెద్దది అనే మూడు దశల్లోనూ రక్తం తాగేందుకు మాత్రమే కుక్కను ఎక్కి, తాగాక దిగిపోయి గోడ పగుళ్లలోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని మూలల్లోనో, రాతి ప్రహరీ సందుల్లోనో చేరి తరువాతి దశకు మారుతుంది. ఆడది ఒక్కటే వేల గుడ్లు పెట్టగలదు. హైదరాబాద్ వాతావరణంలో దీనికి విరామమిచ్చేంత చలికాలం లేదు కాబట్టి, పరీక్ష ఏ నెలలో చేసినా గోమార్లు లేని కాలమని కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఈ గోమారి ద్వారా, లేదా దాని దగ్గరి జాతుల ద్వారా, కుక్కకు చేరేవాటిలో ముఖ్యమైనవి ఐదు. వీటిలో రెండు బాక్టీరియాలు. ఎర్లీకియా కేనిస్ తెల్ల రక్తకణాల్లోని మోనోసైట్లలో కాపురం పెడుతుంది. అనాప్లాస్మా ప్లాటిస్ నేరుగా రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలోకే చొరబడి, వారం పది రోజులకోసారి వాటి సంఖ్యను పడగొడుతుంది. మిగిలిన మూడూ ఏకకణ పరాన్నజీవులు. బబీసియా వోగెలీ, బబీసియా గిబ్సోనీ ఎర్ర రక్తకణాలను బద్దలుకొడతాయి. హెపటోజూన్ కేనిస్ న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల్లో కనిపిస్తుంది. చివరి రెండింటికీ మన దేశంతో పాత సంబంధమే ఉంది. హెపటోజూన్‌ను 1905లో భారతదేశపు కుక్కల్లోనే మొదటిసారి వర్ణించారు. గిబ్సోనీని 1910లో పాటన్ అనే శాస్త్రవేత్త మద్రాసులోని వేటకుక్కల రక్తంలో గుర్తించి, తరువాత నక్క రక్తంలో కూడా చూశాడు.

సోకే దారి కూడా అన్నిటికీ ఒకటి కాదు. హెపటోజూన్ గోమారి కాటుతో రాదు. ఒళ్లు గోక్కుంటూ, నాక్కుంటూ కుక్క ఆ గోమారిని నమిలి మింగినప్పుడు పేగు నుంచి లోపలికి వెళుతుంది. గిబ్సోనీ గోమారి ద్వారానే కాక కుక్కలు ఒకదాన్నొకటి కరుచుకున్నప్పుడు రక్తం నుంచి రక్తానికి, తల్లి నుంచి కడుపులోని పిల్లకు, పరీక్షించకుండా ఎక్కించిన రక్తం ద్వారా కూడా చేరుతుంది. హద్దుల కోసం రాత్రంతా కొట్లాడుకునే వీధికుక్కల గుంపులో ఒంటి మీద ఒక్క గోమారి కూడా లేని కుక్కకు గిబ్సోనీ ఉండటంలో వింతేమీ లేదు. అందువల్ల ‘గోమార్లు కనిపించలేదు, పరీక్ష అనవసరం’ అన్న వాదనకు బలం లేదు.

ఇన్ని వివరాలు ఎందుకంటే, మందులు వేరు. డాక్సీసైక్లిన్ ఎర్లీకియా, అనాప్లాస్మాల మీద పనిచేస్తుంది, బబీసియాను మాత్రం అది నిర్మూలించలేదు. వోగెలీకి ఇమిడోకార్బ్ సూది పనిచేస్తుంది. అదే సూది గిబ్సోనీని శరీరం నుంచి తొలగించలేదు. గిబ్సోనీకి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు ఇవ్వడం మెరుగైన పద్ధతిగా పేరుపొందింది, కానీ అటోవాక్వోన్ చాలా ఖరీదు, పైగా దానికి లొంగని రకాలు కూడా ఉన్నాయి. ఐదింటికీ జ్వరం, నీరసం, తిండి మానేయడం వంటి లక్షణాలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి చూసి చెప్పడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. చిగుళ్లు తెల్లబారి మూత్రం ముదురు టీ రంగులో వస్తే బబీసియాను, పొట్టచర్మం మీద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే ఎర్లీకియాను ముందుగా అనుమానిస్తారు. అది అనుమానమే, రెండూ కలిసి ఉన్న కుక్కలు మన వీధుల్లో అరుదు కాదు.

గాజుపలక మీద రక్తపు పూత

పరీక్షల్లో అన్నిటికన్నా పాతదీ, చవకైనదీ, నా దృష్టిలో అన్యాయంగా చిన్నచూపుకు గురైనదీ రక్తపు పూత. దీనికి కావలసింది ఒక చుక్క రక్తం, ఒక గాజుపలక, కొంచెం మిథైల్ ఆల్కహాల్, జీమ్సా రంగు, వెయ్యి రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని. రక్తంలోని పరాన్నజీవులను సూక్ష్మదర్శిని కింద వెతికే విద్యకు ఈ నగరంలో గొప్ప చరిత్ర ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లోనే దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు, ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆనాడు రాస్ దాన్ని గుర్తుపట్టింది అందులోని నల్లటి రంగురేణువుల ఆధారంగా. బబీసియా కూడా మలేరియా క్రిమిలాగే ఎర్రకణంలో ఉంగరం ఆకారంలో కనిపిస్తుంది, కానీ ఆ రంగురేణువులు దానిలో ఉండవు. హీమోగ్లోబిన్‌ను తిని మిగిల్చే నల్లటి వ్యర్థం బబీసియాకు లేదు. పలక చూసేవారికి ఇది మొదటి ఆనవాలు.

తరువాతిది పరిమాణం. వోగెలీ పెద్దది, నాలుగైదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పొడవుతో, బేరిపండు ఆకారంలో తరచూ జంటగా ఉంటుంది. గిబ్సోనీ ఒకటి నుంచి మూడు మైక్రాన్ల చిన్న ఉంగరం. ఈ తేడా మీదే మందు ఎంపిక ఆధారపడుతుంది. హెపటోజూన్ న్యూట్రోఫిల్ లోపల నిడుపాటి కోడిగుడ్డు ఆకారంలో, సుమారు పదకొండు మైక్రాన్ల పొడవున, కణకేంద్రకాన్ని పక్కకు నెట్టి కూర్చుంటుంది. ఒకసారి చూసినవారు మరిచిపోలేనంత స్పష్టమైన రూపం అది. ఎర్లీకియా విషయంలో మాత్రం పూత బాగా నిరాశపరుస్తుంది. మోనోసైట్ల లోపల మల్బరీ పండులా కనిపించే దాని గుంపు జబ్బు తొలిదశలో కూడా వందలో నాలుగైదు కుక్కల్లో మాత్రమే కంటబడుతుంది. రక్తాన్ని యంత్రంలో తిప్పి, ఎర్రకణాలకూ ప్లాస్మాకూ మధ్య పేరుకునే తెల్లటి పొరతో పూత వేస్తే ఎర్లీకియా, హెపటోజూన్ రెండూ దొరికే అవకాశం పెరుగుతుంది.

రక్తం ఎక్కడినుంచి తీశారన్నది కూడా ముఖ్యమే. బబీసియా సోకిన ఎర్రకణాలు సన్నటి కేశనాళికల్లో చిక్కుకుపోయే గుణం కలవి కాబట్టి, ముంగాలి నరం నుంచి తీసిన రక్తం కన్నా చెవి అంచున గుచ్చితే వచ్చే తొలిచుక్కలో అవి ఎక్కువగా ఉంటాయి. నగరంలో జంతు జనన నియంత్రణ కేంద్రాలకు చేర్చిన ప్రతి వీధికుక్కకూ, ఆపరేషన్ అయినట్టు గుర్తుగా, మత్తులో ఉండగానే చెవికి గంటు పెడతారు. ఆ గంటు దగ్గర ఊరే రక్తాన్ని దూదితో తుడిచి పారేయడానికి బదులు ఒక చుక్కను పలక మీద పూస్తే కుక్కకు అదనపు సూదిపోటు లేకుండానే శ్రేష్ఠమైన నమూనా దొరుకుతుంది. ఇంత సులువైన అవకాశం చేతిలో ఉండి వదులుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

పూత చెడిపోయేది ఎక్కువగా చిన్నచిన్న కారణాలకే. జూలై, ఆగస్టుల్లో గాలిలో తేమ ఎక్కువైనప్పుడు పూత నెమ్మదిగా ఆరి, ఎర్రకణాల్లో మెరిసే బుడగల్లాంటి మచ్చలు ఏర్పడతాయి. కొత్తవారు వాటిని బబీసియా అని రాసేస్తారు. ఎర్రకణం మీద పడ్డ ప్లేట్‌లెట్ కూడా అలాగే మోసం చేస్తుంది, అయితే దాని చుట్టూ సన్నటి తెల్లని వలయం ఉంటుంది, సూక్ష్మదర్శిని ఫోకస్‌ను మార్చి చూస్తే అది కణం పైన ఉన్నట్టు తెలిసిపోతుంది. రంగును వడకట్టకుండా వాడితే గడ్డకట్టిన రేణువులు పలకంతా చిమ్ముకుంటాయి. నగరంలో చాలాచోట్ల దొరికే బోరునీటికి క్షారగుణం ఉండటంతో, దానితో జీమ్సాను పలుచన చేస్తే ఎర్రకణాలన్నీ నీలిగా మారి లోపలి జీవి కనిపించదు, పీహెచ్ 7.2 ఉండేలా తయారుచేసిన ద్రావణం వాడటం తప్పనిసరి. ట్యూబులో రాత్రంతా ఉంచిన రక్తంతో మర్నాడు పూత వేసినా కణాలు ఆకారం కోల్పోతాయి. పలకను కుక్క పక్కనే వేయడం మంచిది. చదవడం ఎప్పుడైనా, ఎక్కడైనా చదవొచ్చు.

ఇక పూత పరిమితి ఎంతో లెక్కతోనే చూడవచ్చు. ఎర్రకణాలు చక్కగా పరుచుకున్న ఒక దృశ్యక్షేత్రంలో (సూక్ష్మదర్శినిలో ఒకసారికి కనిపించే మేరలో) సుమారు రెండు వందల కణాలు కనిపిస్తాయనుకుందాం. వెయ్యి కణాలకు ఒకదానిలో బబీసియా ఉంటే ఐదు క్షేత్రాలు చూసేసరికి ఒకటి ఎదురవుతుంది. లక్షకు ఒకటి ఉంటే ఐదు వందల క్షేత్రాలు చూడాలి, అంత ఓపిక ఏ ల్యాబులోనూ రోజూ ఉండదు. జబ్బు ముదిరిన కుక్కలో పూత నమ్మదగినది. జబ్బును మోస్తూ పైకి ఆరోగ్యంగా తిరిగే కుక్కలో పూత శుభ్రంగా ఉందంటే అర్థం చాలా తక్కువ. వీధికుక్కల్లో రెండో రకమే ఎక్కువ.

పదిహేను నిమిషాల కిట్లు

మూడు చుక్కల రక్తం వేస్తే గీతలు తేలే కిట్లు ఇప్పుడు చిన్న క్లినిక్‌లలో కూడా ఉన్నాయి. ఇవి చాలావరకు సూక్ష్మజీవిని వెతకవు. దాన్ని ఎదుర్కోవడానికి కుక్క శరీరం తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతాయి. అంటే ఇవి అడిగే ప్రశ్న ‘ఇప్పుడు జబ్బు ఉందా’ అని కాదు, ‘ఈ కుక్క ఎప్పుడైనా ఆ జీవికి ఎదురుపడిందా’ అని. ఎర్లీకియా సోకిన తొలి వారం పది రోజుల్లో, కుక్కకు జ్వరం మొదలై ప్లేట్‌లెట్లు పడిపోతున్న సమయంలోనే, యాంటీబాడీలు ఇంకా తగినంత తయారుకాక కిట్ నెగెటివ్ చూపవచ్చు. దానికి విరుద్ధంగా, చికిత్సతో పూర్తిగా కోలుకున్న కుక్క నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి, పాజిటివ్‌గానే ఉంటుంది. చికిత్స పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి అదే కిట్‌ను మళ్లీ వాడి, గీత ఇంకా ఉందని మరో నెల మాత్రలు పొడిగించడం తరచూ జరిగే వృథా.

రెండో చిక్కు కిట్‌లో ఏముందో చదవకపోవడం. ఎక్కువగా అమ్ముడయ్యే నాలుగు జబ్బుల కిట్లు అమెరికా అవసరాలకు రూపొందినవి. వాటిలో గుండెపురుగు ఉంటుంది, అది దోమ ద్వారా వచ్చేది. లైమ్ జబ్బు ఉంటుంది, దాన్ని మోసే గోమారి జాతి మన వీధికుక్కల మీద ఉండేది కాదు. మిగిలినవి ఎర్లీకియా, అనాప్లాస్మా. వాటిలో బబీసియా లేదు, హెపటోజూన్ అసలే లేదు. నాలుగు గడులూ ఖాళీగా వచ్చిన కుక్క గిబ్సోనీ వల్ల రక్తహీనతతో ఆ వారమే చనిపోవచ్చు, అందులో కిట్ తప్పేమీ ఉండదు. ‘టిక్ ప్యానెల్ నెగెటివ్’ అన్న మూడు మాటల రిపోర్టు చేతికొచ్చినప్పుడు, ఏయే జీవుల కోసం వెతికారో రాసివ్వమని అడగడం చదువరికి నేనివ్వగల అత్యంత ఉపయోగకరమైన సలహా.

వీధికుక్కల్లో ఈ కిట్లకు మరో ఇబ్బంది ఉంది, అది లెక్కల్లో దాగి ఉంటుంది. ఉదాహరణకు, జబ్బున్న వందలో తొంభై కుక్కలను పట్టుకునేదీ, జబ్బులేని వందలో పదింటిని పొరపాటుగా పాజిటివ్ అనేదీ అయిన ఒక పరీక్షను ఊహించుకుందాం. వెయ్యి కుక్కలున్న ఒక కాలనీలో యాభైకి మాత్రమే జబ్బు ఉంటే నలభై ఐదు నిజమైన పాజిటివ్‌లు, తొంభై ఐదు అబద్ధపు పాజిటివ్‌లు వస్తాయి. పాజిటివ్ వచ్చిన మూడింటిలో దాదాపు రెండు తప్పు. అదే పరీక్షను నాలుగు వందల కుక్కలకు జబ్బున్న బస్తీలో వాడితే మూడు వందల అరవై నిజమైనవి, అరవై తప్పువి. కిట్ మారలేదు, దాని నాణ్యత మారలేదు; అయినా పాజిటివ్ అన్న ఫలితానికి విలువ పూర్తిగా మారిపోయింది. కిట్ పెట్టె మీద అచ్చేసిన శాతాన్ని చూసి నమ్మకం పెంచుకునేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

డీఎన్ఏ వెతికే పరీక్ష

పీసీఆర్ సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే వెతుకుతుంది కాబట్టి ‘ఇప్పుడు రక్తంలో ఉందా’ అన్న ప్రశ్నకు దగ్గరి జవాబు దానిదే. బబీసియా, హెపటోజూన్‌లకు 18ఎస్ అనే జన్యుభాగాన్నీ, ఎర్లీకియా, అనాప్లాస్మాలకు 16ఎస్ భాగాన్నీ ఎక్కువగా లక్ష్యంగా పెట్టుకుంటారు. దీని బలం మళ్లీ లెక్కలోనే తెలుస్తుంది. రెండు వందల మైక్రోలీటర్ల రక్తం నుంచి డీఎన్ఏ తీసి, వంద మైక్రోలీటర్ల ద్రవంలో కరిగించి, అందులో రెండు మైక్రోలీటర్లు పరీక్షలో వేశారనుకుంటే నాలుగు మైక్రోలీటర్ల రక్తాన్ని చూసినట్టు. మైక్రోలీటర్‌కు అరవై లక్షల చొప్పున అది రెండు కోట్ల నలభై లక్షల ఎర్రకణాలు. సూక్ష్మదర్శిని ముందు ఐదు వందల క్షేత్రాలు చూసినవాడు చూసింది లక్ష కణాలు మాత్రమే. జబ్బును మౌనంగా మోసే కుక్కలను పీసీఆర్ పట్టుకోగలగడానికి కారణం ఈ తేడాయే.

పరిమితి కూడా అదే లెక్కలో ఉంది. ఆ నాలుగు మైక్రోలీటర్లలో ఒక్క జీవి కూడా పడకపోతే ఎంత సున్నితమైన యంత్రమైనా ఏమీ చూపదు. ఎర్లీకియా మధ్యదశలో రక్తంలో పలుచబడి ప్లీహంలో తిష్ట వేస్తుంది, ఆ సమయంలో రక్తం నెగెటివ్‌గా ఉండి ప్లీహం నమూనా పాజిటివ్ కావడం తెలిసిన విషయమే. అందుకే ఒక్క పీసీఆర్ నెగెటివ్ జబ్బు లేదని నిరూపించలేదు. ఇంకో చిక్కు, 18ఎస్ మీద పనిచేసే కొన్ని ప్రైమర్లు (వెతికే జన్యుభాగానికి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) బబీసియానూ హెపటోజూన్‌నూ కూడా అందుకుంటాయి. పరీక్షలో తేలిన డీఎన్ఏ పట్టీ వరసక్రమం చదివించకుండా బబీసియా అని రాస్తే, చాలాసార్లు పెద్దగా హాని చేయని హెపటోజూన్‌కు ఖరీదైన మందు వాడినట్టవుతుంది. రెండూ ఉన్న కుక్కలో ఎక్కువ మొత్తంలో ఉన్నది తక్కువ ఉన్నదాన్ని కప్పేస్తుంది కూడా.

నమూనా సేకరణలో తేలికైన జాగ్రత్తలే ఎక్కువ తేడా తెస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత ట్యూబే వాడాలి, అదే పనిచేసే హెపారిన్ కలిసిన రక్తం పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. శీతలపెట్టె లేనిచోట వడపోత కాగితం మీద రెండు చుక్కలు ఆరబెట్టి కవరులో పెడితే డీఎన్ఏ చెడకుండా ఉంటుంది, మే నెల ఎండలో రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయం దాకా ట్యూబులు మోయడం కన్నా అది సులువు. కాగితం మీద పట్టేది కొద్ది రక్తమే కాబట్టి సున్నితత్వం కొంత తగ్గుతుంది. వేలాది కుక్కల సర్వేలో ఆ నష్టాన్ని భరించవచ్చు, ఒక కుక్క ప్రాణం తేల్చేచోట భరించకూడదు.

ఒక కుక్కా, ఊరంతా కుక్కలా

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలి. ఈ కార్యక్రమం ద్వారా నగరంలో ఏటా పెద్దసంఖ్యలో కుక్కలు పశువైద్యుల చేతుల మీదుగా వెళుతున్నాయి. గోమారి జబ్బులను అంచనా వేయడానికి ఇంతకన్నా మంచి వేదిక లేదు, కానీ ఇక్కడ రెండు వేర్వేరు అవసరాలు కలగాపులగమవుతాయి.

మొదటిది ఆ కుక్క క్షేమం. ఎర్లీకియా ఉన్న కుక్కలో ప్లేట్‌లెట్లు తగ్గడమే కాక, ఉన్నవి కూడా సరిగా పనిచేయవు. పైకి చురుగ్గా ఉన్న ఆడకుక్కకు పొట్ట కోశాక రక్తం ఆగకపోవడానికి ఇదొక కారణం. ఆపరేషన్‌కు ముందు తెలియవలసింది జీవి పేరు కాదు, ఆ రోజు రక్తం గడ్డకట్టగలదా, రక్తహీనత ఎంత ఉంది అన్నవి. ఎర్రకణాల శాతం, ప్లేట్‌లెట్ల సంఖ్య, చెవిరక్తపు పూత, ఈ మూడూ పదిహేను ఇరవై నిమిషాల పని. ప్లేట్‌లెట్లు మైక్రోలీటర్‌కు రెండు లక్షల కన్నా తక్కువని యంత్రం చెప్పినా వెంటనే నమ్మకూడదు. రక్తం తీయడంలో ఆలస్యమైతే అవి గుంపులుగా అతుక్కుని యంత్రం లెక్కకు అందవు. పూత చివరి అంచున ఆ గుంపులున్నాయేమో ఒకసారి చూస్తే అనవసరమైన భయం తప్పుతుంది.

రెండోది ఊరి లెక్క. దీనికి ప్రతి కుక్కకూ పీసీఆర్ అక్కర్లేదు, యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని కుక్కల కాగితపు నమూనాలు చాలు. అయితే ఆ కుక్కలు ఎక్కడివన్నది ఫలితాన్ని శాసిస్తుంది. నియంత్రణ కేంద్రానికి వచ్చేవి వలకు చిక్కేంత మచ్చికగానో, చురుగ్గానో ఉన్న పెద్ద కుక్కలు. బాగా నీరసించినవాటిని ఆపరేషన్‌కు ఎంచుకోరు, చిన్నపిల్లలను అసలు తేరు. రక్షణ కేంద్రాల్లోనూ, నారాయణగూడ పశువైద్యశాల లాంటి పెద్ద ఆసుపత్రుల్లోనూ కనిపించేవి జబ్బుపడ్డాకే ఎవరో మోసుకొచ్చినవి. మొదటిచోట లెక్క తగ్గుతుంది, రెండోచోట పెరుగుతుంది. రెండింటిలో ఏదీ వీధి లెక్క కాదు. వేర్వేరు పరీక్షలతో, వేర్వేరు చోట్ల తీసిన శాతాలను పక్కపక్కన పెట్టి ‘జబ్బు పెరిగింది’ అని రాసే వార్తలను కాస్త అనుమానంతో చదవడం మంచిది.

కుక్క రక్తం బదులు గోమార్లనే పరీక్షిస్తే సరిపోదా అని అడిగేవారుంటారు. కుక్క మీద నుంచి పీకిన ఉబ్బిన గోమారిలో బబీసియా డీఎన్ఏ దొరికితే, అది గోమారిలో పెరుగుతున్న జీవిదో, కాసేపటి కింద తాగిన కుక్కరక్తానిదో చెప్పలేం. గోమారి నిజంగా మోస్తోందో తెలియాలంటే రక్తం తాగి అరిగించుకుని తరువాతి దశకు మారిన గోమార్లను, గోడ పగుళ్లలో వెతికి, తాగకముందే పట్టుకోవాలి. సెల్లార్ గోడల మీద టార్చి వేసి పట్టకారుతో చేసే ఈ పనికి ఓపికున్నవారు తక్కువ.

మనుషుల సంగతి క్లుప్తంగా చెప్పాలి. హెపటోజూన్, గిబ్సోనీ, వోగెలీలు కుక్క నుంచి మనిషికి రావు, కాబట్టి ఈ కారణం చూపి వీధికుక్కల మీద భయం పెంచడం అన్యాయం. అదే గోమారి మోయగల రికెట్సియా కోనొరీ వేరే సంగతి. అది మనిషికి మచ్చలతో కూడిన జ్వరం తెస్తుంది. కుక్క మీద గోమార్లను వేళ్లతో చిదిపే అలవాటు మానేయాలనడానికి ఆ ఒక్క కారణం చాలు.

చివరగా, జబ్బు దొరికాక ఏం చేయగలమన్న దాన్ని బట్టే పరీక్ష ఎంచుకోవాలి. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు ఇవ్వాలి. ఆపరేషన్ చేసిన కుక్క కేంద్రంలో ఉండేది కొద్ది రోజులే. మిగతా మాత్రలు ఆ గల్లీలో రోజూ అన్నం పెట్టే మనిషి చేతుల మీదుగా వెళ్లాలి. పాలలో, పెరుగన్నంలో కలిపి పెడితే వాటిలోని కాల్షియం మందు ఒంటబట్టడాన్ని కొంత తగ్గిస్తుంది. పొడి మాత్రను గొంతులో వేసి వదిలేస్తే అన్నవాహికలో పుండు పడవచ్చు. కోడిమాంసం ముక్కలో దాచిపెట్టి, వెనకే నీళ్లు తాగేలా చూడాలి. గిబ్సోనీ అయితే మందు అయిపోయిన అరవయ్యో రోజునా, తొంభయ్యో రోజునా రెండుసార్లు పీసీఆర్ చేసి రెండూ నెగెటివ్ వస్తేనే వదిలిందని చెబుతారు. చెవికి గంటున్న ఆ కుక్కను మూడు నెలల తర్వాత గుర్తుపట్టి పిలిస్తే దగ్గరికి వచ్చేది ఎవరి దగ్గరికో, నమూనా తీసిన రోజే వారి ఫోన్ నంబరు ఆ కాగితపు కవరు మీద రాసుకోవాలి.